మూడు ఊళ్ళలో నా మొహం

మా వీధిలో చీరలు అమ్మినవాళ్ళున్నారు, పట్టు అమ్మినవాళ్ళున్నారు, కష్టమొచ్చి మగ్గం అమ్ముకున్నవాళ్ళూ ఉన్నారు. సొంత మొహాన్ని పద్దెనిమిది వేలకు అమ్మి, రసీదు కూడా తీసుకుని, ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నది మాత్రం నేనొక్కదాన్నే. అప్పటికి నాకు పదిహేడేళ్ళు. ఆ వయసులో అంత పెద్ద బేరం చేసిన ఆడపిల్ల ధర్మవరంలో ఇంకొకతె ఉంటే చూపించండి, ఆమెకు నేనే దండ వేస్తాను.

మాది చీరల దుకాణం. ఎక్కాలు రాకముందే నాకు బేరం వచ్చింది. కావలసిన వస్తువు వైపు చూడకూడదు. ధర చెప్పగానే నవ్వకూడదు, కోప్పడకూడదు, అలిసిపోయినట్టు కనిపించాలి. ఆఖరికి లేచి వాకిలి వైపు నడవాలి. చెప్పులు వేసుకునేలోపల వెనక నుంచి పిలుపు వస్తుంది. రాకపోతే వాళ్ళు చెప్పిందే అసలు ధర అని అర్థం. ఈ విద్య అంతా మా నాయన కొనేవాళ్ళ దగ్గర నేర్చుకున్నాడు, నేను మా నాయన దగ్గర నేర్చుకున్నాను.

ఇంటర్ అయ్యాక కౌన్సెలింగ్‌లో నాకు వచ్చిన సీటు చాలా దూరం. పొద్దున రైలెక్కి పోయి సాయంత్రం రైలుకు ఇల్లు చేరే కాలేజీ కావాలన్నాడు నాయన. అట్లా హిందూపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీకి మేనేజ్‌మెంట్ సీటు కోసం వెళ్ళాం. అద్దాల గది, చల్లటి గాలి, టై కట్టుకున్న అడ్మిషన్ల సారు. ఆయన ముందు ఇంగ్లీషులో అచ్చువేసిన పాలసీ పుస్తకం. అందులో చేరడానికి కొన్ని పేజీలు, ఉద్యోగాలకు కొన్ని పేజీలు, మా సొంత వివరాలకు ఒక పేజీ.

"ఇది ఫిక్స్‌డ్ ఫీజమ్మా. ఇక్కడ బేరాలుండవు," అన్నాడు సారు.

"మా అంగట్లో కూడా అట్లే బోర్డు పెట్టిండాం సార్. రాసింది మా నాయనే, తగ్గించేదీ మా నాయనే," అన్నాను.

నాయన బల్ల కింద నా కాలు తొక్కాడు. నేను అలిసిపోయినట్టు మొహం పెట్టి, లేచి, తలుపు దాకా నడిచాను. అద్దం తలుపు మీద చెయ్యి పెట్టానో లేదో, "అమ్మా, ఒక్క నిమిషం," అని పిలుపు వచ్చింది. అప్పుడు నా ఒంట్లో పాకిన సంతోషం రిజల్ట్స్ రోజు కూడా పాకలేదు.

ఆయన పుస్తకంలో ఆఖరి పేజీ తెరిచాడు. నా ఫోటో, పేరు, మార్కులు, రేపు ఉద్యోగం వస్తే దాని వివరాలు కాలేజీ ప్రచారానికి వాడుకోవచ్చు. చేరదలచుకున్న పిల్లల తల్లిదండ్రులు అడిగితే నా ఫోన్ నంబరు ఇవ్వచ్చు. సంతకం పెడితే ప్రచార రాయితీ కింద మొదటి ఏడాది ఫీజులో పద్దెనిమిది వేలు తగ్గిస్తారు.

"ఫోటో యాడ ఏస్తారు సార్?" అన్నాడు నాయన.

"బ్రోషర్‌లో ఎక్కడో, చిన్నగా."

నాయన సంతకానికి ఒప్పుకోలేదు. వాట్సాప్‌లో చీరల ఫోటోలు పెట్టేటప్పుడు కొంగు నా భుజం మీదే వేసి తీసేవాడు. పంపేముందు మాత్రం నా తల కత్తిరించేవాడు. 'చీర అమ్ముతాండాం గానీ పిల్లను కాదు గదా' అనేవాడు. రాష్ట్రమంతా నా భుజాలు చూసింది, మొహం ఎవరూ చూడలేదు.

నేను ఆయన్ను పక్కకు పిలిచి లెక్క చెప్పాను. "నాయనా, ముందర బొమ్మకు కట్టిన చీర ఆర్నెల్లు అందురూ చూస్తారు. చూసినందుకు అరిగిపోతుందా? మడిచి మళ్ళా అమ్ముతాం గదా. ఇదీ అంతే. ఊరికే చూస్తే పద్దెనిమిది వేలు ఇస్తామంటే వద్దంటావేమి?"

బొమ్మకు కట్టిన చీర ఎండకు వెలుస్తుందనీ, వెలిసిన మడతను లోపలికి తిప్పి పెడతామనీ నాకు తెలుసు. ఆ తిప్పి పెట్టే పని నాదే. ఆ గదిలో మాత్రం అది గుర్తుకు రాలేదు. నేను సంతకం పెట్టాను, నాయన మెల్లగా దాని కింద తనది పెట్టాడు. తిరుగు రైల్లో ఎదురుగా కూర్చున్న ఎవరో పెద్దాయనకు కూడా నా గెలుపు వినిపించాను. పెనుకొండ దాటేసరికి ఆయన నిద్రపోయాడు.

ఆ తర్వాత నాలుగేళ్ళు రైలు కిటికీలోనే గడిచిపోయాయి. పొద్దున మగ్గాల చప్పుడు మధ్య లేచేదాన్ని. రైలు కదిలినా కొంతసేపు ఆ టకటక నా చెవుల్లోనే ఉండేది, తర్వాత అది చక్రాల చప్పుడులో కలిసిపోయేది. ఎక్కడ మగ్గం ఆగిందో, ఎక్కడ రైలు మొదలయిందో ఏనాడూ పట్టుకోలేకపోయాను. పెనుకొండ దగ్గర కొండ ముందు బూడిద రంగులో కనిపించేది, ఎండ తగిలేకొద్దీ దాని మీది కోట గోడలు ఒక్కొక్కటే పైకి తేలేవి. వేరుశనగ చేలల్లో మంచు పొగ. నేను చదువుతున్నానా, ఎవరికో వచ్చిన కలలో కిటికీ పక్కన కూర్చున్నానా అనిపించేది. పరీక్షలు కూడా అట్లాగే రాశాను, మార్కులు కూడా అట్లాగే వచ్చాయి.

ఆఖరి ఏడాది ఒక కంపెనీ వచ్చింది. నా పేరు జాబితాలో పడింది. చేతికొచ్చిన కాగితంలో జీతం పెద్ద అక్షరాలతో ఉంది. చేరే తేదీ ఉండాల్సిన చోట 'తర్వాత తెలియజేస్తాం' అని ఉంది. ఉద్యోగాల పాలసీ ప్రకారం ఒకరికి ఒకటే కంపెనీ. కాగితం చేతికొచ్చిందంటే ఉద్యోగం వచ్చినట్టే లెక్క, ఇంకో కంపెనీ ముందు కూర్చోనివ్వరు. నేను చదువు ముగించి ఇంటికొచ్చాను. తర్వాత ఎప్పుడో తెలియజేస్తామన్నవాళ్ళు ఎప్పుడూ తెలియజేయలేదు. నాకు ఉద్యోగం రాలేదు గానీ, కాలేజీకి మాత్రం నా ఉద్యోగం వచ్చింది.

ఆ ఎండాకాలంలోనే బోర్డులు లేచాయి. హిందూపురం రోడ్డు మీద ఒకటి, పెనుకొండలో రైలు కట్ట పక్కన ఒకటి, మా ధర్మవరం స్టేషన్ ఎదురుగా ఒకటి. మూడింటిలోనూ నేనే. ఎక్కడో చిన్నగా కాదు, ఇంటి గోడంత. నేనెన్నడూ తొడగని నల్లకోటు వేశారు. చెంప మీది పుట్టుమచ్చ తీసేశారు. పళ్ళు తెల్లగా తోమారు. పక్కన జీతం అంకె, నా మొహమంత సైజులో.

కోపం వచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. నచ్చింది. సరుకు తెచ్చేందుకు హిందూపురం వెళ్ళినప్పుడల్లా రైల్లో పెనుకొండ బోర్డున్న వైపే నిలబడేదాన్ని. పొద్దుటి ఎండ వెనక నుంచి పడితే ఆ ఫ్లెక్సీ వెలిగేది. కొండకు ఆనుకుని, నా కంటే తెల్లగా, నా కంటే స్థిమితంగా ఒకతె గాలికి కొంచెం ఊగుతూ నన్నే చూసేది. ఆమె పొద్దున్నే లేచి ఆఫీసుకు పోతోందనీ, ఆమె బల్ల మీద నీళ్ళ సీసా ఉందనీ, ఆమెకు శనివారం సెలవనీ నేను ఊహించుకునేదాన్ని. చేరే తేదీ ఆమెకు వచ్చేసిందని నమ్మేదాన్ని. దుకాణంలో గల్లా పక్కన కూర్చుని చీరల ధరల చీటీలు రాస్తున్నది ఎవరో వేరే అమ్మాయి.

వచ్చినవాళ్ళు, "ఆ బోర్డులో ఉండే పాప మీ పాపేనా?" అని నాయన్ను అడిగేవాళ్ళు. అడిగినవాళ్ళు ఒక చీర ఎక్కువే కొనేవాళ్ళు. "మరి ఈడ కూసుండాదేమప్పా?" అని ఒకావిడ అంటే, "ఇంటి నుంచే పని," అన్నాను. నా నోటికి అడ్డం లేదు.

జూలైలో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. అవతల ఒక మగ గొంతు, దాని వెనక గొర్రెల మెడగంటలు.

"అమ్మా, మాది గుడిబండ పక్క పల్లె. హిందూపురం బోర్డులో ఉండేది నువ్వేనా? కాలేజీ సారు నీ నంబరిచ్చినాడు. అడిగి చూసుకోండ్రి అన్నాడు."

నేనేనన్నాను.

ఆయన తన కథ తొందర లేకుండా చెప్పాడు. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజే కాలేజీవాళ్ళు ఇంటికొచ్చి, సీటు పెట్టి ఉంచుతామని పదహారు వేలు అడ్వాన్సు, కూతురి ఒరిజినల్ మార్కుల మెమో, టీసీ తీసుకుపోయారు. తర్వాత ఆ పిల్లకు అనంతపురంలో సర్కారు డిగ్రీ కాలేజీలో సీటొచ్చింది. సోమవారం లోపల ఒరిజినల్స్ చూపించకపోతే అది పోతుంది. ఇక్కడ ఉండాలంటే సోమవారానికే మిగిలిన ఫీజు కట్టాలి.

"నా పాప అనంతపురం పోతానంటాది. నేనేమో నీ బోర్డు చూసినాను. మిగిలిన గొర్రెలు అమ్మితే దుడ్లు సరిపోతాయి. ఒక్క మాట చెప్పు తల్లీ. నీకు ఆ ఉద్యోగం నిజంగా వచ్చిండాదా?"

నా ఎదురుగా పెళ్ళి చీరలకు వచ్చిన కుటుంబం కూర్చుని ఉంది. ఐదు నిమిషాల క్రితమే వాళ్ళు నా ఉద్యోగాన్ని మెచ్చుకున్నారు. చీరలు పరుపు నిండా పరచి ఉన్నాయి, ఎరుపు మీద ఆకుపచ్చ, దాని మీద వంకాయ రంగు. ఫ్యాన్ గాలికి అంచులు లేచి పడుతున్నాయి. అంత మెత్తటి మధ్యాహ్నంలో నా గొంతు నాకే దూరంగా వినిపించింది.

"వచ్చిందన్నా."

"అంత జీతమూ ఇస్తాండారా?"

"బోర్డులో రాసిందే."

"సల్లగుండు తల్లీ," అని ఆయన పెట్టేశాడు.

ఆ కుటుంబం తొమ్మిది చీరలు కొనుక్కుని వెళ్ళింది. నాయన గల్లా దగ్గర నుంచి లేవలేదు. డబ్బు కూడా ఎంచలేదు.

"ఎవరమ్మా అది?"

చెప్పాను. ఆయన పరుపు మీది చీరలు మడవడం మొదలుపెట్టాడు. నన్ను సాయం పట్టమనలేదు.

"ఈ అంగడి పెట్టి ఇరవై ఏండ్లాయ. అబద్ధాలు శానా చెప్పినాను. గిట్టదని చెప్పినాను, ఇంకొకరు అడిగిపోయినారని చెప్పినాను. చూపిచ్చిందొకటి, కట్టిచ్చేదొకటి మాత్రం చేయలేదు. ఆయప్ప యాడోడో, గొర్రెలు అమ్ముతాడంట. నువ్వు ఏం కట్టిస్తాండావు ఆయప్పకు?"

నేను ఫోన్ తీసి అదే నంబరుకు చేశాను. ఆయన భార్య ఎత్తింది.

"గొర్రెల బేరగాన్ని పిల్చుకోని రానికి పోయినాడమ్మా. ఫోను ఈడే మర్సిపాయ."

"అక్కా, అమ్మొద్దని చెప్పు. బేరగాడు వచ్చినా సరే, రేపు సాయంత్రం దాకా అమ్మొద్దని చెప్పు. పొద్దున్నే పాపను పిల్చుకోని కాలేజీ కాడికి రమ్మను. నేనూ వస్తాండాను."

"ఏమైందమ్మా? ఉద్యోగం వచ్చిందని చెప్పి మురుస్తా పోయ నా మొగుడు."

"రాలేదక్కా," అన్నాను. పొడవైన మాట కాదు. చెప్పేసరికి చెవులు వేడెక్కాయి.

శనివారం పొద్దున రైల్లో నేను బోర్డుకు ఎదురు వైపు కూర్చున్నాను. అయినా పెనుకొండలో అది కనిపించింది, అవతలి కిటికీలో ఒకసారి, ఎదుటివాళ్ళ కళ్ళద్దాల్లో ఒకసారి. మబ్బు పట్టి ఉండటం వల్ల అది వెలగలేదు.

కాలేజీ గేటు దగ్గర తండ్రీకూతుళ్ళు అప్పటికే ఉన్నారు. ఆయన భుజాన కంబళి, చేతిలో గొడుగు. పిల్ల సన్నగా, నూనె రాసి బిగించిన జడతో ఉంది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"అక్కా, నువ్వు బోర్డులో అక్క మాదిరి లేవు."

"ఆ యక్క వేరే," అన్నాను.

"మీ ఇద్దరిలో ఎవరికి ఉద్యోగం వచ్చింది?"

"ఆ యక్కకే."

తండ్రి గట్టిగా నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "అయితే నిన్న నాతో మాట్లాడిందెవరమ్మా?" అన్నాడు. తిట్టి ఉంటే తేలికగా ఉండేది. జరిగిందంతా అక్కడే చెప్పాను, పద్దెనిమిది వేలతో సహా. ఆయన గొడుగు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ విన్నాడు.

అద్దాల గదిలో అదే సారు. గోడ మీద నేను. ఆయన నాతో మాట్లాడుతూ గోడ మీదున్న నన్నే చూస్తున్నాడు. పాలసీ పుస్తకం తెరిచాడు. అడ్వాన్సు తిరిగి రాదు. సీటు వదులుకుంటే మొత్తం ఫీజు కట్టి ఒరిజినల్స్ తీసుకోవాలి.

"అట్లయితే నా సంతకం వెనక్కి తీసుకుంటాను. ఆ బోర్డులు దించండి," అన్నాను.

"తీసుకోవచ్చమ్మా. దరఖాస్తు పెట్టు. పరిశీలించేసరికి అడ్మిషన్లు ఐపోతాయి."

నాకు తెలిసిన ఆఖరి విద్య తీశాను. అలిసిపోయిన మొహం పెట్టి లేచాను. వాకిలి దాకా నడిచాను. అద్దం మీద చెయ్యి పెట్టాను. తలుపు తెరిచాను. వరండాలోకి వచ్చాను. మెట్లు దిగాను. వెనక నుంచి ఎవరూ పిలవలేదు. ఆ వరండా అంత పొడుగున్నదని నాలుగేళ్ళలో నేను గమనించలేదు. ఎండ పలుచగా పరుచుకుని ఉంది, ఎక్కడో క్లాసులో ఎవరో ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ చదువుతున్నారు. కింది మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆయన చెప్పిందే అసలు ధర.

పిలుపు గొర్రెలాయన తెప్పించాడు. ఆయనకు బేరం తెలియదు. నా వెనకే బయటికొచ్చి, ఫీజు కట్టడానికి తల్లిదండ్రులు వరుసగా కూర్చున్న చోట నేల మీద కంబళి పరిచి కూర్చున్నాడు. పక్కనున్నాయన, "ఏమప్పా, కుర్చీలుండాయి గదా," అన్నాడు.

"లేదులేప్పా. పాప కాయితాలు ఇచ్చేదాకా ఈడే. శానాసేపు పడుతుంది."

"ఏం కాయితాలు?"

ఆయన చెప్పసాగాడు. గొంతు పెంచలేదు, ఎవర్నీ తిట్టలేదు. బోర్డు పాప ఆ మెట్టు మీద కూర్చుని ఉందని గొడుగుతో చూపించాడు. తలలన్నీ నా వైపు తిరిగాయి. ఒకావిడ తీసిన డబ్బు మళ్ళీ బ్యాగులో పెట్టుకుంది. పది నిమిషాలు కాకముందే అద్దం తలుపు తెరుచుకుని, "అందరూ లోపలికి రండి. కాదు, మీరు ముగ్గురే," అన్నాడు సారు.

ఈసారి ఆయనే బేరం మొదలుపెట్టాడు. మెమో, టీసీ ఇప్పుడే ఇస్తాడు. అడ్వాన్సులో నాలుగు వేలు ఇస్తాడు. నేను మొత్తం అడిగాను. ఎనిమిది వేల దగ్గర కుదిరింది. దానికి బదులు నేను సంతకం వెనక్కి తీసుకోకూడదు. అడ్మిషన్లు ముగిసే దాకా, అంటే ఇంకో రెండు నెలలు, మూడు బోర్డులూ అట్లాగే ఉండాలి.

పిల్ల నా మొహంలోకి చూసింది. ఆ మెమో బల్ల మీద మూరెడు దూరంలో ఉంది. సోమవారానికి మధ్యలో ఆదివారం ఒక్కటే. ఇప్పుడు కాదంటే పోయే సీటు నాది కాదు.

"సరే సార్," అన్నాను.

ఆయన ఇంకో కాగితం తీశాడు, కాలేజీ గురించి ఎవరితోనూ చెడుగా చెప్పనని. "బోర్డుకే బేరమైంది సార్. నోటికి కాలేదు," అన్నాను. ఆయన వరండా వైపు చూసి, ఆ కాగితం మళ్ళీ సొరుగులో పెట్టుకున్నాడు.

గేటు బయట, కాలేజీ ఇవ్వని మిగతా ఎనిమిది వేలు నా డబ్బులోంచి గొర్రెలాయనకు ఇవ్వబోయాను. చీటీలు రాసినందుకు నాయన నెలనెలా ఇచ్చిందాంట్లో మిగిల్చిన డబ్బు.

"వద్దులేమ్మా."

"తీసుకో అన్నా. నీది పోయింది నా బోర్డు వల్లే గదా."

"బోర్డు నీది, నమ్మింది నేను. రొండు నాకియ్యి."

"ఆరు తీసుకో."

"మూడు."

జీవితంలో మొదటిసారి ఎక్కువ ఇవ్వడానికి నేను బేరమాడాను, తక్కువ తీసుకోవడానికి ఆయన ఆడాడు. నాలుగు దగ్గర తెగింది. పిల్ల మెమోను, టీసీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవరును పైట లోపల పెట్టుకుంది. సోమవారం మధ్యాహ్నం అనంతపురం నుంచి నాకు ఫోన్ చేసింది. "చేరినానక్కా. ఈడ బోర్డు మీద ఎవరి మొహమూ లేదు," అంది.

తర్వాతి రెండు నెలలూ నా ఫోన్ మోగుతూనే ఉంది. నల్లచెరువు నుంచి, కనగానపల్లి నుంచి, మడకశిర వైపు పల్లెల నుంచి. వెనక ఒక్కోసారి ట్రాక్టరు, ఒక్కోసారి పసిపిల్ల ఏడుపు, ఒక్కోసారి వాన. చీరలు మడుస్తూ, జల్లెడ పట్టిన ఎండలో కూర్చుని, అందరికీ ఒకటే చెప్పాను: కాగితం వచ్చింది, ఉద్యోగం రాలేదు, మీరే ఆలోచించుకోండి. కొందరు నమ్మారు. కొందరు, "పోటీ కాలేజీవాళ్ళు నీకెంతిచ్చినారమ్మా?" అన్నారు. సెప్టెంబరులో బోర్డులు దిగాయి.

బిల్లు ఇది. మొహం అమ్మితే వచ్చింది పద్దెనిమిది వేలు. గుడిబండ ఆయనకు ఇచ్చింది నాలుగు వేలు. రైలు ఛార్జీలు రెండు వందల లోపు. అంటే నిజం చెప్పాలంటే నేనింకా పదమూడు వేల ఎనిమిది వందల లాభంలోనే ఉన్నాను. ఆయన నాలుగు వేల నష్టంలో ఉన్నాడు. ఫోన్ చేసినవాళ్ళు నలభై ఒకరు, అందులో చేరకుండా ఆగామని తిరిగి చెప్పినవాళ్ళు పదిహేడుగురు. ఫోన్ చేయకుండా, ఆ రెండు నెలలూ నేను ఒప్పుకుని నిలబెట్టిన బోర్డును చూసి మాత్రమే డబ్బు కట్టినవాళ్ళు ఎందరో నాకు తెలియదు. వాళ్ళ గొర్రెలెన్నో కూడా తెలియదు. అది కూడా నా ఖాతాలోదే.